ముందుగా పెట్టేయని సర్వర్

మనిషి నాగరికత వీడ్కోలులో తెలుస్తుంది. పలకరించడం చిలక్కి కూడా వస్తుంది. హినోకుబో పట్టణ కార్యాలయం ఈ సంగతి నలభై ఏళ్ల కిందటే కనిపెట్టి, నూట పన్నెండు పేజీల టెలిఫోన్ మర్యాదల నియమావళి అచ్చు వేయించింది. అందులో మూడో నియమం ఇది: పౌరుడు ఫోన్ పెట్టేసేదాకా అధికారి పెట్టేయరాదు. (ఒకసారి ఓ గుమాస్తా ముందుగా పెట్టేశాడు. ఆయన్ని ఎలుగుబంటి హెచ్చరికల శాఖకు బదిలీ చేశారు. ఎలుగుబంట్లు ఫోన్ చెయ్యవు.)

అటువంటి ఊళ్లో పెద్ద చెత్త శాఖ వారు సర్వర్ పెట్టుకోవాలని తీర్మానించారు. సోఫా, పరుపు, బీరువా పారేయాలంటే ముందుగా ఈ శాఖకు ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి. మార్చి వచ్చిందంటే సగం ఊరు ఇళ్లు మారుతుంది. శాఖకున్నది ఒక్కటే ఫోను.

సర్వర్ రాసే పని నిషికోరి మిచిరుకు అప్పగించారు. ముప్పై ఒక్కేళ్ల మనిషి, ఒప్పంద ఉద్యోగి. ఆ ఒప్పందం మార్చి నెలాఖరుకు ముగుస్తుంది. పొడిగింపు కాగితం శాఖాధిపతి ఓగుషి గారి సొరుగులో ఉంది. ముద్ర ఒక్కటే తక్కువ.

"సోమవారం పదకొండింటికి మేయరు గారు వస్తారమ్మా. ఆయన తలూపితే ముద్ర పడుతుంది. ఊపలేదనుకో..." అని ఓగుషి గారు ఆ వాక్యాన్ని మర్యాదగా అక్కడే వదిలేశారు.

నిజానికి అది నలభై వరసల ప్రోగ్రాము. సర్వర్ ఒక తలుపు తెరుచుకుని కూర్చుంటుంది. ఎవరైనా తడితే లోపలికి రానిస్తుంది, తేదీ రాసిస్తుంది, తలుపు మూసి తర్వాతి వారిని పిలుస్తుంది. మిచిరు దాన్ని ఒక్క మధ్యాహ్నంలో రాసింది. మిగతా ఐదు నెలలూ అనుమతులకు పట్టాయి.

సర్వర్ ఫోన్ ఎత్తే ఉద్యోగితో సమానమని మర్యాదల సంఘం ముందుగా తేల్చింది. కాబట్టి నియమావళి దానికీ వర్తిస్తుంది. ఉద్యోగి ఒకేసారి ఇద్దరితో మాట్లాడరాదు కనుక సర్వర్ కూడా మాట్లాడరాదు. మిగతావాళ్లు బయట వేచి ఉండాలి. ఎందరు వేచి ఉండవచ్చో ప్రోగ్రాములో రాయాలి. మిచిరు ఇరవై అని రాసింది. (ఆ ఇరవై కుర్చీలకు మెత్తలు కావాలా అని సామగ్రి శాఖ లేఖ రాసింది. అవి నిజం కుర్చీలు కావని ఆమె జవాబిచ్చింది. అయితే మడత కుర్చీలు చాలునని వారు తేల్చారు.)

చివరగా ముప్పై ఎనిమిదో వరస వచ్చింది. సర్వర్ తలుపు మూసే వరస అది. సంఘం దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. "పౌరుడి మొహం మీద తలుపేస్తారా?" మిచిరు ఆ వరస కొట్టేసింది. అవతలివాళ్లు మూసేదాకా సర్వర్ ఎదురుచూస్తుంది. తన బల్ల దగ్గర్నుంచి తనే తట్టి, తనే మూసి పరీక్షించింది. భేషుగ్గా పనిచేసింది. తనతో తనకు మర్యాదలేముంటాయి?

అవతలి కొస, అంటే ఊరందరి ఫోన్లలో ఉండే యాపునూ, సామాజిక భవనంలో ముసలివాళ్ల కోసం పెట్టిన తెర యంత్రాన్నీ, పక్క ఊళ్లో చిన్న కంపెనీ నడిపే మినోబె గారు తయారుచేశారు. చాలా పద్ధతైన మనిషి.

సోమవారం తొమ్మిదింటికి సర్వర్ తలుపు తెరిచింది. తొమ్మిదీ ఒకటికి మొదటి పౌరురాలు తట్టారు. డెబ్బై ఎనిమిదేళ్ల సుగె హనయో గారు, సామాజిక భవనం యంత్రం ముందునుంచి. సోఫా ఒకటి, మంగళవారం. తేదీ క్షణంలో ఖరారైంది. శాఖంతా చప్పట్లు కొట్టింది.

రెండో పౌరుడు మాత్రం లోపలికి రాలేదు.

తొమ్మిదీ పదికి ఇరవై కుర్చీలూ నిండిపోయాయి. ఇరవై ఒకటో మనిషి నుంచి అందరినీ సర్వర్ వెనక్కి పంపుతోంది. తొమ్మిదింపావుకి సామాజిక భవనం నుంచి ఫోను వచ్చింది.

"ఏమ్మాయ్, మీ మిషను తెర మీది బొమ్మ నాకు వంగి దండం పెడుతూనే ఉంది," అన్నారు సుగె గారు. "ఎదుటివాళ్లు వంగితే మనం వంగకపోతే ఎలా? నేనూ వంగుతూనే ఉన్నా. నా నడుం ఇక మీ పెద్ద చెత్తలోకే."

"మీరు వచ్చేయండమ్మా, మీ పని అయిపోయింది."

"అది లేవకుండా నేనెలా వచ్చేస్తా? నన్నలా పెంచలేదు మా అమ్మ."

తలుపు మూయాల్సింది యంత్రం కనుక సుగె గారు వెనుదిరిగినా ఒరిగేదేమీ లేదు. మిచిరు వెంటనే మినోబె గారికి ఫోన్ చేసింది.

"మినోబె గారూ, తేదీ వచ్చాక మీ యంత్రం తలుపు ఎప్పుడు మూస్తుంది?"

"మూయడమా? ప్రభుత్వ కార్యాలయం మీదా?" అన్నారాయన. "మీరు మూసేదాకా తల వంచుకుని ఉంటుందండి. ఎంతసేపైనా సరే!"

ఐదు నెలల పాటు రెండు ఊళ్లలో ఇద్దరు మర్యాదస్తులు పడ్డ శ్రమ ఏమిటో మిచిరుకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"ఈ ఒక్కసారికి అక్కణ్నుంచి మూసేయండి, దయచేసి."

"మూసేస్తామండి. కానీ ఇంత అమర్యాద చేసేముందు మా డైరెక్టరు స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పుకోవాలి కదా. ఆయన రైలు పన్నెండింటికి."

మేయరు పదకొండింటికి. మిచిరు గడియారం చూసింది. తొమ్మిదీ నలభై.

"సరే, ఉంటానండి," అంది.

"మంచిదండి."

ఇద్దరూ ఎదురుచూశారు.

"పెట్టేయండి, మినోబె గారూ."

"అయ్యో, మీరే ముందు."

"సార్!" అని మిచిరు రిసీవరు భుజానికి ఇరికించుకుని కేక పెట్టింది. "ఆ ముప్పై ఎనిమిదో వరస తిరిగి పెట్టేస్తాను. రెండు నిమిషాల పని!"

"ప్రోగ్రాము మార్చాలంటే ఏడు ముద్రలు కావాలమ్మా," అన్నారు ఓగుషి గారు. "ఐదో ముద్రాయన వేడినీటి బుగ్గలకెళ్లారు. ముద్ర కూడా పట్టుకెళ్లారు."

"పోనీ, ప్లగ్గు పీకేస్తే?"

"అది ఇరవై ఒక్కమంది మీద ఒకేసారి ఫోన్ పెట్టేయడం!" ఆయన మొహం పాలిపోయింది. "ఎలుగుబంట్ల శాఖలో అన్ని కుర్చీల్లేవు!"

భుజం మీద మినోబె గారు ఊపిరి పీలుస్తుండగానే మిచిరు నియమావళి తెరిచింది. పది దాటింది. బయట కారిడార్లో పరుపులు మోసుకుంటూ జనం నేరుగా వచ్చేస్తున్నారు. పదీ ఇరవైకి ఎనభై ఎనిమిదో పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. ముప్పై ఒకటో నియమం: భూకంపం సంభవించినా, భూకంప విన్యాసం, అంటే ఉత్తుత్తి భూకంపపు సాధన, జరుగుతున్నా, అధికారి వీడ్కోలు లేకుండా ఫోన్ పెట్టేయవచ్చు. దాని కిందే ఇంకోటి: విపత్తుకు సంబంధించిన మార్పులకు శాఖాధిపతి ముద్ర ఒక్కటి చాలు.

"సార్, తేదీ ఇచ్చిన ప్రతిసారీ సర్వర్ ఒక భూకంప విన్యాసం ప్రకటిస్తుంది. వెంటనే తలుపు మూసేస్తుంది."

ఓగుషి గారు సొరుగు మీద చెయ్యి వేశారు. "పౌరుడు నొచ్చుకోడా?"

"భూకంపానికి ఎవరు నొచ్చుకుంటారు సార్?"

ఆయన ముద్ర తీశారు. మిచిరు మూడు వరసలు రాసింది. తర్వాత భుజం మీది రిసీవరు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"మినోబె గారూ, ఇక్కడ భూకంప విన్యాసం."

"ఇక్కడ కూడానండీ!" ఆయన ఆనందానికి హద్దు లేదు. నలభై ఐదు నిమిషాలుగా ఎత్తే ఉన్న రెండు రిసీవర్లూ ఒకేసారి కింద పడ్డాయి.

పదిన్నరకు సర్వర్ మొదటి విన్యాసం ప్రకటించింది. సామాజిక భవనం యంత్రం తల ఎత్తింది. సుగె గారు కూడా ఎత్తారు. రెండో పౌరుడు లోపలికొచ్చాడు, మంచం ఒకటి, బుధవారం. మూడో వ్యక్తి, నాలుగో వ్యక్తి... కుర్చీలు చకచకా ఖాళీ అయ్యాయి.

చిన్న ఇబ్బంది ఒక్కటే. విన్యాసం ప్రకటించగానే సిబ్బందంతా బల్లల కింద దూరాలన్నది చట్టం. నిమిషానికి నాలుగు విన్యాసాలు. రెండు మూడుసార్లు లేచి కూర్చున్నాక శాఖంతా కిందనే ఉండిపోయింది. ఓగుషి గారు తన టీ కప్పు కూడా కిందికే తెప్పించుకున్నారు.

సరిగ్గా పదకొండింటికి మేయరు తలుపు తీశారు. ఒక్క మనిషి కనపడలేదు. వంగి చూశారు. పన్నెండుమంది బల్లల కింద మోకాళ్ల మీద కూర్చుని, శ్రద్ధగా ఫైళ్లు రాసుకుంటున్నారు.

"ఇవాళ ఎన్ని విన్యాసాలు చేశారు?" అని అడిగారు.

"ఇది నూట పద్దెనిమిదోది సార్," అంది మిచిరు బల్ల కింద నుంచి.

మేయరు తలూపారు. ఒకటి కాదు, మూడుసార్లు.

ఆ సంవత్సరం విపత్తు సన్నద్ధతలో హినోకుబో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. మిచిరు కాగితం మీద ముద్ర పడింది. కారణం అనే గడిలో "భూకంప నివారణలో విశేష సేవ" అని రాశారు. సర్వర్ ప్రస్తావన ఎక్కడా లేదు.

ఉద్యోగం పర్మనెంటు చేసే సంగతి ఆమె అడక్కపోలేదు. ఓగుషి గారు పక్క బల్ల కింద నుంచి ఎంతో ఆప్యాయంగా చూశారు.

"చేద్దామమ్మా, తప్పకుండా చేద్దాం. ముందు ఈ భూకంపాలు ఆగనీ."