ఎముకలు లేని ముసలావిడ

ఆ పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. ఆటలో పేరుకున్న చెత్త తీసేయాలి. తర్వాత స్నానం చేయాలి.

అతను కంప్యూటర్ ఆటలు తయారుచేస్తాడు. అతనూ, స్నేహితుడు గుండూ, ఇద్దరే కంపెనీ. ఆటలో అన్నీ సొంతంగా చేసుకోనక్కర్లేదు. గోడలు, చెట్లు, మనుషులు, వాన ఎవరో చేసి నెట్‌లో అమ్ముతుంటారు. తెచ్చి తగిలించుకోవడమే. వాటిని యాడ్-ఆన్లు అంటారు. అల్లుడికి ఈ తగిలించే జబ్బు ముదిరింది. దయ్యాల ఇంటి ఆటకు పొగమంచు తగిలించాడు. బూజు తగిలించాడు. ఒక్క గుడ్లగూబ కోసం అడవంతా తెచ్చాడు. తలకన్నా తలపాగా బరువైంది. ఆట తెరవబోతే కంప్యూటరు మూలుగుతోంది.

ఆట కొనేవాళ్లు ఆ రోజే చూస్తామన్నారు. వాళ్లకు నచ్చకపోతే కంపెనీ మూత. అలా మూతపడితే మామగారి రంగుల గోడౌన్లో కూర్చుంటానని అతను ఇంట్లో మాటిచ్చాడు. ఆ మాట మీద అత్తగారికి ఎంత నమ్మకమంటే, గోడౌన్ తాళాల గుత్తి ముందే తెచ్చి నడుముకు దోపుకుని తిరుగుతోంది. ఆమె నడిస్తే ఇల్లంతా గలగల.

అల్లుడు గది తలుపు మూసి, ఫోను స్పీకర్లో పెట్టి గుండుతో మాట్లాడుతున్నాడు. అత్తగారు టీ పట్టుకుని తలుపు దాకా వచ్చింది.

"ముసలావిడ సంగతేమైందిరా?" అని గుండు గొంతు.

"ఎముకలు సరిగ్గా లేవురా. చెయ్యెత్తితే భుజం మెడలోకి పోతోంది."

"చర్మం ఒలిచి చూశావా?"

"చూశా. లోపలంతా డొల్ల."

"అయితే ఆవిణ్ణి వదిలేయ్. వేరే ఎముకలు తెచ్చి ఎక్కించే టైమెక్కడిది? తల ఒక్కటీ ఉంచు, బావుంది."

అత్తగారు టీ కప్పుతో సహా వెనక్కి తిరిగింది.

"తల కిటికీలో పెడతాలే," అన్నాడు అల్లుడు. "ఆ మైకు యాడ్-ఆన్ ఏం చేద్దాం? గదిలో చప్పుడు ఆటలోకి తెస్తుందే, అది. పొద్దున తలుపు కిర్రుమనిపించి చూశా. భలే పని చేస్తోంది."

"నీ తలుపు కిర్రుమంటే ఎవడు జడుస్తాడురా? పీకేయ్."

ఈ చివరి మాటలు వినడానికి అత్తగారు అక్కడ లేదు. వంటింట్లో గోడకు ఆనుకుని కూతురికి ఫోన్ చేస్తోంది.

కూతురు ఎముకల ఆసుపత్రిలో నర్సు. ఒకరి కాలికి కట్టు కడుతూ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"అమ్మాయ్! ఇక్కడెవరో ముసలావిడ... ఎముకలు..."

"ముసలావిడలకి ఎముకలే కదమ్మా ఇబ్బంది. పొద్దున్నుంచి నేనూ అదే పనిలో ఉన్నా."

"నువ్వు కూడానా!"

"మరి ఎవరు చేస్తారు? ఇంకా నలుగురున్నారు. పెట్టేస్తున్నా."

ఇంతకాలం అత్తగారికి అల్లుడు పనికిమాలినవాడని మాత్రమే బెంగ. ఆ బెంగ ఎంత సుఖమైనదో ఇప్పుడు తెలిసింది.

పై అంతస్తులో ఉండే దర్జీ దగ్గరికి పరిగెత్తింది. దర్జీ అంతా విని మిషను ఆపాడు.

"అనుకున్నానమ్మా. మొన్న మెట్ల మీద ఫోనులో అడుగుతున్నారు, 'ఒక్కో మూటలో శవాలెన్ని వస్తాయి?' అని. నేనేదో బట్టల రకం అనుకున్నా."

"నువ్వు నోరు మూసుకుని ఊరుకున్నావా?"

"ఊరుకోలేదమ్మా. 'రంగులు పోతాయా' అని అడిగా. 'పోవు, నెత్తురు విడిగా కొనుక్కోవాలి' అన్నారు."

అత్తగారు తాళాల గుత్తి పిడికిట్లో బిగించింది. దర్జీ పెద్ద కత్తెర తీసుకున్నాడు. కింద వాచ్‌మన్‌ను పిలిస్తే అతను ఈల తీసుకుని వచ్చాడు. అతని దగ్గర ఉన్నది అదే.

లోపల అల్లుడు ఇవేమీ ఎరగడు. యాడ్-ఆన్ల పట్టీ ముందు పెట్టుకుని, పనికొచ్చేవాటికి ఒక్కొక్కటిగా టిక్కు పెట్టాడు. పొగమంచు. వాన. కిటికీలో తల. దయ్యం. పనికిరానివి వదిలేశాడు. వాటిలో మైకు ఒకటి. తర్వాత 'తీసేయి' అన్న మీట నొక్కాడు.

టిక్కు పెట్టినవన్నీ పోయాయి.

అతను తెర వంక చూశాడు. తెర అతని వంక చూసింది. సరిగ్గా అప్పుడే కొనేవాళ్లు కాల్‌లోకి వచ్చారు. కళ్లద్దాల ఆవిడ, పక్కన గడ్డం ఆయన.

"మొదలెట్టండి," అంది ఆవిడ.

అలవాటైన పని అల్లుడి చేతులే చేశాయి. ఆట తెరుచుకుంది. మంచు లేదు, వాన లేదు, దయ్యం లేదు. ఒట్టి నడవా. చివర ఒక మూసిన తలుపు. అద్దెకిచ్చే ఇల్లు చూపిస్తున్నట్టుంది.

"ఇంతేనా?" అన్నాడు గడ్డం ఆయన.

అప్పుడు వినబడింది. గల్... గల్... గల్. ఎక్కడో లోపలి నుంచి ఇనుము చప్పుడు దగ్గరికి వస్తోంది. మైకు యాడ్-ఆన్ దాన్ని నూతిలోంచి వస్తున్నట్టు మోగించింది. తర్వాత తలుపు మీద దభదభ.

"అల్లుడుగారూ! తలుపు తియ్యండి! ముసలావిణ్ణి ఏం చేశారు?"

కళ్లద్దాల ఆవిడ కుర్చీ వెనక్కి జరిగింది.

"ఎముకలెక్కడ పెట్టావు?" అత్తగారి కోపంలో 'గారు' ఊడిపోయింది. "చర్మం ఎక్కడ పెట్టావురా?"

వెనక కత్తెర కిచకిచలాడింది. ఈల సన్నగా, పొడుగ్గా ఏడ్చింది.

"ఆ... ఆ తలుపు తియ్యండి," అన్నాడు గడ్డం ఆయన గొణుగుతూ.

అల్లుడు మీట నొక్కాడు. ఆటలో తలుపు తెరుచుకుంది. లోపల గది ఖాళీ. నరపురుగు లేదు.

"ఇక్కడే ఉన్నాను! కనబడట్లేదా?" అని అసలు తలుపు తాళం కన్నంలోంచి తొంగిచూస్తూ అరిచింది అత్తగారు.

కళ్లద్దాల ఆవిడ కెవ్వుమంది. తెర నల్లబడింది. కాల్ తెగిపోయింది.

అల్లుడు లేచి అసలు తలుపు తీశాడు. కత్తెరనూ ఈలనూ ఆశ్చర్యంగా చూశాడు. అత్తగారి ముందు చెయ్యి చాపాడు.

"తాళాలివ్వండి. రేపట్నుంచి గోడౌన్‌కి వెళ్తాను."

"ముందు ముసలావిడ!"

అతను తెర మీద ముసలావిడ బొమ్మ చూపించాడు. బొమ్మ కదలాలంటే లోపల ఎముకలు అమర్చాలని చెప్పి చెయ్యెత్తించాడు. భుజం మెడలోకి పోయింది. దర్జీ కత్తెర వెనక్కి దాచుకున్నాడు. అత్తగారు తెర దగ్గరికి వంగి చూసింది.

"జాకెట్టు కూడా కుదరలేదు," అంది చివరికి. గుత్తి అతని చేతిలో పెట్టింది. ఎందుకో ఆమె ముఖంలో అనుకున్నంత సంతోషం లేదు.

ఫోను మోగింది. గుండు.

"ఒరేయ్, కొనేశారురా! ఆవిడింకా వణుకుతోందట. దయ్యాన్ని చూపించకుండా జడిపించిన ఆట ఇదే మొదటిది అంటున్నారు. ఒక్కటే షరతు, ఆ గొంతు ఆట పొడుగునా ఉండాలట. గలగలతో సహా."

అల్లుడు మెల్లగా తాళాల గుత్తి తిరిగి అత్తగారికి ఇచ్చేశాడు. రెండు చేతులతో ఇచ్చాడు.

"అల్లుడుగారూ, నీళ్లేమైనా కావాలా?" అంది అత్తగారు.

"ఒరేయ్, వాళ్లు ఇంకోటి కూడా అడుగుతున్నారు," అన్నాడు గుండు. "ఆ గొంతు యాడ్-ఆన్ ఎక్కడ దొరుకుతుందట?"

"విడిగా అమ్మరని చెప్పు," అన్నాడు అల్లుడు. "పెళ్లి చేసుకుంటే దానంతటదే వస్తుంది."