ముందు ప్రశ్న సరిగ్గా అడుగు

ఆ ఉదయం పరుపుల కంపెనీ బ్రాంచి మేనేజరుగారి పథకం చాలా సులువైనది. హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు తొలిసారి వస్తారు, కాన్ఫరెన్సు గదిలో కాఫీ తాగుతారు, ఈయన ఇంగ్లీషు విని మురిసిపోతారు, జోనల్ మేనేజరు పదవి చేతిలో పెట్టి వెళ్తారు. ఆ పదవి కోసం ఈయన కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. ఇంగ్లీషు బాగుంటే చాలు, పరుపులు వాటంతటవే అమ్ముడుపోతాయని ఆయన నమ్మకం.

ఆఫీసులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎవరు ఎవరిని ఏమడిగినా ఇంగ్లీషులోనే అడగాలి. ‘ఇన్’ ఉండాల్సిన చోట ‘ఆన్’ ఉన్నా, ‘ఈజ్’ తన కుర్చీ వదిలి పక్క కుర్చీలో కూర్చున్నా జవాబుండదు. దాంతో సిబ్బంది ఇంగ్లీషు బాగుపడిందా అంటే, అబ్బే, అసలు ప్రశ్నలే మానేశారు. ఇంట్లో భార్య దగ్గర మాత్రం ఈ నియమం చెల్లలేదు. ఆవిడ ప్రశ్నలడగదు, హుకుం జారీ చేస్తుంది.

“సార్, ఇన్ విచ్ ట్రెయిన్ హి ఈజ్ కమింగ్?” అన్నాడు డ్రైవరు, స్టేషనుకి బయల్దేరబోతూ.

“ఆన్ విచ్ ట్రెయిన్! సరే, ‘ఈజ్’ ముందా, ‘హి’ ముందా?”

“మనిషెలా ఉంటారో చెప్పినా చాలు సార్...”

“తెలుగా? నా గదిలోనా?”

డ్రైవరు ‘ఈజ్’ని ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. ఈలోగా రైలు టైమైపోయింది. పడుతూ లేస్తూ వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద కోటూ, బొజ్జా, సూట్‌కేసూ మూడూ ఉన్న మొదటి మనిషికి నమస్కారం పెట్టి కారెక్కించుకొచ్చాడు. ఆయన నల్లుల మందు అమ్మే ఏజెంటు. పరుపుల కంపెనీవాళ్ళే కారు పంపారంటే తన మందు పేరు ఇంతదూరం పాకిందా అని పొంగిపోయాడు.

“మీరెవరండీ” అని అడగడం రిసెప్షనిస్టు ఎప్పుడో మానేసింది. కోటాయన్ని కాన్ఫరెన్సు గదికి పంపింది. కాసేపటికి నలిగిన చొక్కాతో, చెమటలు కక్కుతూ నడిచొచ్చిన బక్కపలచని పెద్దాయనకి గోడౌను వైపు చెయ్యి చూపించింది. అక్కడ లారీలోంచి సరుకు దింపుతున్నారు, కూలీలు చాల్లేదు.

“వచ్చావా మహానుభావా! ఇప్పుడా రావడం?” అంటూ సూపర్‌వైజరు, ఆయన నోరు తెరిచేలోపే నెత్తిన డబుల్ పరుపు పెట్టేశాడు. అది రెండువైపులా వాలి ఆయన మొహాన్ని కప్పేసింది. పాపం, తలుపు తలుపూ తడుముకుంటూ నడిచాడు.

కాన్ఫరెన్సు గదిలో మేనేజరుగారు ఇంగ్లీషు దంచేస్తున్నారు. కోటాయన తల ఊపుతున్నాడు. ‘ఎంత ఒద్దికో! పెద్దవాళ్ళంతే, ఎక్కువ మాట్లాడరు’ అనుకుంటున్నారు మేనేజరుగారు. అంతలో తలుపు తోసుకుని పరుపు లోపలికొచ్చింది.

“వై ఐ యామ్ క్యారీయింగ్ దిస్?” అంది పరుపు.

మేనేజరుగారికి ప్రాణం లేచొచ్చింది. డైరెక్టరు ఎదుట కూలివాడికి ఇంగ్లీషు నేర్పే అదృష్టం ఎందరికి పడుతుంది!

“‘వై యామ్ ఐ’ అనాలి బాబూ. ముందు ప్రశ్న సరిగ్గా అడుగు.”

“హూ ఈజ్ రెస్పాన్సిబుల్ టు దిస్?” పరుపు కోపంతో వణికింది.

“‘ఫర్ దిస్’! మళ్ళీ అడుగు.” మేనేజరుగారు కోటు వైపు తిరిగారు. “చూశారా సార్, నా బ్రాంచిలో కూలీలు కూడా...”

కోటాయన సూట్‌కేసు తెరిచి డబ్బా తీశాడు. “మనకి ఇంగ్లీషు రాదు గానీ సార్, ఇది ఒక్కసారి కొడితే నల్లులు కుటుంబాలతో సహా చస్తాయి. ఎన్ని పంపించమంటారు?”

పరుపు దబ్బున కాఫీ కప్పుల మీద పడింది. దాని కిందినుంచి బయటపడ్డ బక్కాయన జేబులోంచి గుర్తింపు కార్డు తీసి మేనేజరుగారి ముక్కు ముందు పెట్టారు. మీద ఫొటో, కింద ‘డైరెక్టర్’ అని అచ్చు. మేనేజరుగారికి జోనల్ పదవి కళ్ళముందే గంగలో కలిసిపోతుంటే ఏడుపొక్కటే తక్కువ.

డైరెక్టరు మొహం తుడుచుకుని, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, ఈసారి నెమ్మదిగా అడిగారు.

“వై షుడ్ ఐ ప్రమోట్ యూ?”

మేనేజరుగారు ఆ ప్రశ్నని తలనుంచి తోకదాకా వెతికారు. దిద్దడానికి ఏమీ దొరకలేదు.