మే నెలలో చలికోటు

ఎదురింటి వంటగది బల్ల మీద గోధుమరంగు సూట్‌కేసు తెరిచి ఉంది. కిటికీ తెర పక్కన నిలబడి, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, అందులోకి ఏమేం వెళుతున్నాయో ఆర్డిస్ చూస్తోంది. మేజోళ్లు, పళ్ల బ్రష్షు, రాత్రి గౌను... అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ఆ ఇంటావిడ లవాన్ లోపలి గదిలోకి వెళ్లి చలికోటు తెచ్చి, మడతపెట్టి సూట్‌కేసు అడుగున పెట్టింది.

మిన్నెసోటాలో మే నెలంటే చేపలు పట్టే పడవలు బయటికి తీసే కాలం. చలికోటు ఎందుకు?

ఆర్డిస్‌కు పదేళ్లప్పుడు అక్క మేవిస్ జిల్లా సంతకు వెళ్లొస్తానని సంచి సర్దుకుంది. ఎండాకాలం సంతకు ఉన్ని బూట్లెందుకని ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఎవరి సంచి కనబడినా ఆర్డిస్ చూపు ముందు దాని అడుగుకే పోతుంది.

లవాన్ 'తోడు సంచి' అనే సేవాసంస్థ నడుపుతోంది. సొంతిల్లు వదిలి, ప్రభుత్వం చూపించిన కొత్తింటికి వెళ్లాల్సిన పిల్లలు చెత్త కవర్లలో బట్టలు మోసుకెళ్లకుండా చర్చి నేలమాళిగలో నీలం సంచులు సర్ది ఇస్తారు. అది కాక లవాన్‌కు సొంత బ్లాగు ఒకటుంది. ఒకసారి అందులో చర్చి కాఫీ పలచదనం మీద నాలుగు ముక్కలు రాసేసరికి, ఆ కాఫీపొడి ఇచ్చిన దాత నొచ్చుకున్నాడు. సంస్థ వేరు, బ్లాగు వేరు, ఒకదాని గాలి ఒకదానికి తగలకూడదని కమిటీ తీర్మానించింది. తగలకుండా చూసే పని కార్యదర్శి ఆర్డిస్‌కు అప్పగించింది. అందుకని ఆమె రోజూ చర్చి ఆఫీసు కంప్యూటర్‌లో ఆ బ్లాగు చదువుతుంది. అభిమానంతో కాదు, అనుమానంతో.

ఆ ఉదయం ఆఫీసుకు వెళ్లి తెరిస్తే బ్లాగులో ఇలా ఉంది: "ఆమె సూట్‌కేసు సర్దుకుంది. భర్తకు చెప్పలేదు. ఇన్నేళ్లు ఒకే బల్ల దగ్గర తిన్న మనిషికి చెప్పడానికి ఒక్క మాటా దొరకలేదు."

పైన 'కథ' అని ఉంది. కథ అన్న మాట చాటున మనుషులు ఏమేం దాచుకుంటారో ఆర్డిస్‌కు బాగా తెలుసు. లవాన్ వెళ్లిపోతే సంస్థ మూతపడుతుంది అని ఆమె పైకి అనుకుంది. లోపల అనుకున్నది వేరు: ఎదురింటి వంటగదిలో దీపం వెలగకపోతే తను ఏ ముఖం చూసి నిద్రలేవాలి?

ఆ రెండు ముక్కలూ కాపీ చేసి స్నేహితురాలు ఫిల్లిస్ ఒక్కదానికే ఈమెయిల్ పెట్టి, వెంటనే ఫోన్ చేసింది.

"చూశావా?"

"చూశా తల్లీ! పాపం వాళ్లాయన వెండెల్. పొద్దున్నే పెట్రోలు బంకు దగ్గర నవ్వుతూ కనిపించాడు."

"వాడికి తెలీదుగా! నువ్వెవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? ఓవెన్ వేడెక్కుతోంది, ఉంటా."

ఆ ఊళ్లో ఎవరింట్లో కష్టం వచ్చినా ఓదార్పు మాటలుండవు. గాజు గిన్నెలో హాట్‌డిష్ వస్తుంది. అడుగున మాంసం, మధ్యలో పుట్టగొడుగుల సూపు, పైన బంగాళాదుంపలు. తెచ్చినవాళ్లు కష్టమేమిటో పైకి అనకూడదు. అంటే మర్యాద తెలియనివాళ్లవుతారు.

గరాజులో పడవకు రంగు వేసుకుంటున్న వెండెల్ దగ్గరికి ముందు ఫిల్లిస్ వచ్చింది.

"వేడిగా ఉన్నప్పుడే తినేయ్, వెండెల్."

"ఏంటి విశేషం?"

"ధైర్యంగా ఉండు," అని భుజం నొక్కి వెళ్లిపోయింది.

ఆ వెనకే ఇంకో గిన్నె వచ్చింది. ఆపైన మరోటి. పాస్టరు భార్య గిన్నెతో పాటు రొట్టె కూడా తెచ్చి, అతణ్ణి కావలించుకుంది. ఆ ఊళ్లో రొట్టె తెచ్చేది చావు జరిగిన ఇంటికే. వెండెల్ చేతిలోంచి కుంచె జారిపోయింది. పొద్దున కారులో వెళ్లిన లవాన్ ఫోను తీయడం లేదు. అతను తన ఫోను బల్ల మీదే మరిచిపోయి, ట్రక్కెక్కి జిల్లా ఆసుపత్రికి పరుగు తీశాడు.

ఇవతల ఆర్డిస్‌కు అనుమానం పట్టుకుంది. తను చెప్పింది ఒక్కరికి. గిన్నెలు పదయ్యాయి. ఫిల్లిస్ నోరు మూసుకోలేదన్నమాట! ఆమెను నిలదీద్దామని ఎదురింటికి వెళ్లేసరికి లవాన్ కారు వచ్చి ఆగింది.

లవాన్ లోపలికి వచ్చింది. బల్ల నిండా గిన్నెలు. భర్త లేడు, ట్రక్కు లేదు, అతని ఫోను మాత్రం అక్కడే ఉంది. గిన్నెలు సర్దుతున్న ఫిల్లిస్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వెండెల్‌కి ఏమైంది?" అంది లవాన్. "చెప్పండే! ఎప్పుడు పోయాడు?"

"అతను పోవడమేంటి? వెళ్లిపోయింది నువ్వు కదా!" అంది ఫిల్లిస్.

"నేనెక్కడికి వెళ్లాను?"

"అదే మాకూ తెలీడం లేదు."

"చలికోటు!" అని అరిచింది ఆర్డిస్. "మే నెలలో చలికోటు పెట్టుకుంది. నా కళ్లతో చూశాను."

లవాన్ కుర్చీలో కూలబడింది. "నీలం సంచులు అయిపోయాయి, ఆర్డిస్. పద్నాలుగేళ్ల పిల్లని ఇవాళ కొత్తింటికి పంపుతున్నారని రాత్రి ఫోనొచ్చింది. ఉన్నది నా సూట్‌కేసొకటే, ఇచ్చేశా. అక్కడెన్నాళ్లుండాలో పిల్లకి తెలీదు, నాకూ తెలీదు. అందుకే కోటు కూడా పెట్టా. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను ఆపేశాను."

"మరి ఆ కథ?"

"కథే. ఇంతకీ నా బ్లాగు మీరంతా ఎప్పటినుంచి చదువుతున్నారు?"

"నేను చదవలేదు," అంది ఫిల్లిస్. "పొద్దున సంస్థ నుంచే వచ్చింది. పైన మన ముద్ర, కింద కార్యదర్శి ఆర్డిస్ పేరు. దాతలందరికీ వచ్చింది. కాఫీపొడాయనకి కూడా."

కంప్యూటర్‌లో ఈమెయిల్ జాబితాలో ఫిల్లిస్ పేరుకు సరిగ్గా పైన 'దాతలందరూ' అని ఉంటుందని ఆర్డిస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఒకదాని గాలి ఒకదానికి సోకకుండా కాపలా కాసిన మనిషి, ఒక్క నొక్కుతో రెంటినీ ఒకే గిన్నెలో వండేసింది.

"నన్నే అడిగుండొచ్చుగా," అంది లవాన్ మెల్లగా.

"అడిగితే, అవును వెళ్తున్నా అంటావేమోనని," అంది ఆర్డిస్. అని కిటికీ వైపు తిరిగింది.

లవాన్ రెండు పళ్లేలు తీసి, అన్నిటికన్నా పెద్ద గిన్నె ముందుకు లాగింది.

ఆసుపత్రిలో భార్య పేరు ఎవరూ ఎరగమన్నాక వెండెల్ సాయంత్రానికి ఇంటికొచ్చి, ఆమెను చూసి ఏడ్చి, ఆపైన రెండు గిన్నెలు ఖాళీ చేశాడు. సూట్‌కేసు ఆకులు రాలే కాలంలో తిరిగొచ్చింది, కోటు రాలేదు గానీ పిల్ల చేతిరాతతో చీటీ వచ్చింది. గాజు గిన్నెలు ఒక్కొక్కటే సొంతిళ్లకు చేరాయి. మేవిస్ 1961 ఆగస్టులో సంతకు వెళ్లింది, తిరిగి రాలేదు.