నేల నూనె

తెల్లవారేసరికి మబ్బు కొండ నడుము దాకా దిగి, కురవకుండా కూర్చుంది. మాంగిల్ దాన్ని లెక్కచేయలేదు. మధ్యాహ్నం అతని కూతురు ఓక్‌బున్‌ను చూడడానికి పిల్లవాడి తండ్రి బేక్ గారు వస్తున్నారు. ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదైనా కుదరాలి. గది నేలకు అంటించిన కాగితం పాలిపోయి ఉంది. రుబ్బిన సోయాగింజల్లో పెరిల్లా గింజల నూనె కలిపి, గుడ్డలో మూటగట్టి, మెరుపు రావాలని నేలంతా రుద్దాడు.

"ఈ మబ్బులో అది ఆరుతుందా?" అంది భార్య.

"నేల కింద పొయ్యి రాజేస్తే అదే ఆరుతుంది. నువ్వు వంట చూసుకో."

గుమ్మం వైపు ఆరింది. పొయ్యి వైపు, నూనె ఎక్కువైనచోట, జిగురెక్కింది. ఆమె బొటనవేలు పెట్టి చూసింది. టప్పుమని ఊడింది.

"గొప్ప పని చేశారు. వియ్యంకుణ్ణి ఈగలా అంటించేద్దామనా?"

వాకిట్లో దగ్గు వినిపించింది.

బేక్ గారు తెల్లటి బట్టల్లో, చంకలో మూటతో వచ్చారు. మబ్బు తేమ పట్టిన ఆయన టోపీ నుంచి జారిన చుక్కలు నేలలో ఇంకకుండా ముత్యాల్లా దొర్లాయి. "నేలంటే ఇదీ! చుక్క నీరంటదు" అని మెచ్చుకున్నారు.

"ఇక్కడ, గుమ్మం దగ్గర కూర్చుంటే గాలి..." అన్నాడు మాంగిల్.

బేక్ గారి మొహం మాడింది. వెచ్చటి చోటు అతిథిది. నేరుగా వెళ్లి పొయ్యి వైపే బాసింపట్టు వేశారు. మర్యాదకు మాంగిల్ కూడా ఆయన పక్కనే కూర్చున్నాడు.

నీరంటని నేల నూనె అంటించింది. వత్తి చమురు పీల్చినట్టు బట్ట నూనెను పైకి లాగుతోంది. మరక మోకాలు దాటింది.

"మావాడు కాస్త నిదానం" అన్నారాయన.

"నిదానమెక్కడ, ఎక్కేస్తోంటే!" అన్నాడు మాంగిల్. భార్య గట్టిగా దగ్గింది.

బేక్ గారు కిందికి చూశారు. తర్వాత పక్కనున్న మూటను చూశారు. మొహంలో నెత్తురు లేదు.

"అయ్యో! మీకని తెచ్చిన నూనె సీసా కారినట్టుంది. బంగారంలాంటి నేల పాడుచేశాను!"

మాంగిల్ నోరు తెరిచాడు. భార్య వెనకనుంచి గిల్లింది. నోరు మూసుకున్నాడు.

"ఈ సిగ్గు మన రెండిళ్లు దాటకూడదు, బావగారూ. మీ అమ్మాయి ఇక మా పిల్లే."

"అలాగే... బావగారూ."

ఓక్‌బున్ భోజనాలు వడ్డించిన చిన్న బల్ల తెచ్చింది. మామగారి కానుక కదా అని మూట విప్పి సీసాను మధ్యలో నిలబెట్టింది. బిరడా మీద మైనం చెక్కుచెదరలేదు. నూనె మెడదాకా ఉంది.

బేక్ గారు సీసాను చూశారు, తన మోకాలిని చూశారు, మాంగిల్‌ను చూశారు. చెంచా అందుకున్నారు. బార్లీ అన్నం, ముల్లంగి పచ్చడి అందరూ తలవంచుకుని, గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు.

లేచేటప్పుడు మాత్రం బావగార్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవలసి వచ్చింది.