చెయ్యి ఊపితే చాలు

"ఇకమీదట మానవుడు మీటలు నొక్కే బానిస కాడు! చెయ్యి ఊపితే చాలు, యంత్రం గులామై పడి ఉంటుంది!"

1987లో జహీరాబాద్‌లోని ఒక సర్కారు ఆఫీసులో (ఏ శాఖో అడక్కండి, అన్నింట్లోనూ తాగేది అదే టీ) ఈ ప్రకటన చేసినవారు ఆఫీసరు జగన్‌మోహన్ గారు. వారి బావమరిది దుబాయి నుంచి ఒక వీడియో గేమ్ తెచ్చాడు. టీవీ కింద ఒక డబ్బా, చేతుల్లోకి రెండు కర్రలు. కర్రను బ్యాటులా ఊపితే తెరమీది బొమ్మ కూడా ఊపి టెన్నిస్ ఆడుతుందట. దాన్ని రిక్రియేషన్ గదిలో పెట్టించి, ఆఫీసరు గారు ఇరవై ఒక్క రోజులు వరసగా గెలిచారు.

"సార్ ఊపుడే వేరు!" అంటూ హెడ్‌గుమాస్తా బస్వరాజ్ రోజూ చప్పట్లు కొట్టేవాడు.

టైపిస్టు గుండయ్య ఇంకా గట్టిగా కొట్టేవాడు. పాపం, అతని అవసరం అటువంటిది. ఆదిలాబాద్‌కు బదిలీ కాగితం ఆఫీసరు బల్లమీద ఉంది. ఇంట్లో భార్య సంగమ్మకు ఏడో నెల. "ముందు మన ఆఫీసు టెన్నిస్ పోటీ ఫైనల్ కానివ్వవయ్యా, చూద్దాం" అన్నారు ఆఫీసరు. ఫైనల్లో ఆయనకు ఎదురు గుండయ్యనే నిలబెట్టారు. అతను తప్పక ఓడతాడని ఆఫీసంతా నమ్మింది. అందరికంటే గట్టిగా నమ్మింది గుండయ్యే.

ఆ రోజు ఫొటో తీసేవాడు కుడివైపు వెలుతురు బాగుందన్నాడు. రోజూ ఎడమవైపు నిలబడే ఆఫీసరు కుడివైపుకు జరిగారు. ఎడమ గుండయ్యకు దక్కింది.

ఆట మొదలైంది. ఆఫీసరు ఎగురుతూ, వంగుతూ, చెమటలు కక్కుతూ ఊపుతున్నారు. గుండయ్య ఓడిపోవాలని వంకరగా ఊపాడు. పాయింటు వచ్చింది! ఊపడమే మానేశాడు. మళ్లీ పాయింటు! కర్రను చంకలో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. ఇంకో మూడు! "వద్దురా నాయనా, కొట్టకురా!" అని బొమ్మను మనసులో వేడుకున్నాడు. బొమ్మ వినలేదు. గుండయ్య ఘోరంగా గెలిచాడు! ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

అప్పుడు స్వీపరు నారమ్మ టీవీ వెనక నుంచి తల ఎత్తింది.

"అయ్యో సారూ, కర్రల తీగలు గీడనే వడి ఉన్నయి. డబ్బకు పెట్టనే లేదు. పొద్దుగాల నేను ఊడ్చేటప్పుడు గూడ గీ బొమ్మలు వాటికవే ఆడుకుంటయి. ఎప్పుడు జూసినా ఎడమ దిక్కోడే గెలుస్తడు!"

ఆఫీసరు మొహం కందగడ్డలా అయింది. బస్వరాజ్ గబగబా తీగలు తగిలించాడు. ఆఫీసరు ప్రాణం పెట్టి ఊపారు. బంతి దాటిపోయాక బొమ్మ తీరిగ్గా చెయ్యి లేపింది. ఇంకోసారి ఊపితే పైకప్పు కేసి బ్యాటెత్తి గజగజ వణికింది.

"తీగలు పెట్టంగనే మిషిన్ ఖరాబైంది సార్!" అన్నాడు బస్వరాజ్. "ఏం గుండయ్యా, అంతేనా?"

నిజం గుండయ్య గొంతుదాకా వచ్చింది. అక్కడ సంగమ్మ గుర్తొచ్చి ఆగిపోయింది.

"అవ్ సార్. తీగలు తీసేస్తె మంచిగ నడుస్తది."

తీగలు తీసేశారు. ఆఫీసరు ఎడమవైపు నిలబడగా ఫైనల్ మళ్లీ జరిగింది. ఘనవిజయం! ఈసారి చప్పట్లకు చూరుమీది పావురాలు లేచిపోయాయి.

మర్నాడు గుండయ్య బదిలీ రద్దయింది. దాంతోపాటు టైపు చేయడానికి ఇంకో కాగితం వచ్చింది. "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, స్వీపరు నారమ్మను మొగుడంపల్లికి పంపడమైనది."

"నేనేం తప్పు జేసిన సారూ?" అని నారమ్మ గుండయ్య బల్ల ముందుకు వచ్చింది.

"ఏం లేదమ్మా. పైకెల్లి వచ్చింది ఆర్డర్."

"పైకెల్లి వస్తె నువ్వు మాత్రం ఏం జేస్తవ్ బిడ్డా. సంగమ్మ పైలం. కాన్పుకు కబురు వెట్టు, నేనొస్త."

గుండయ్యకు సిగ్గేసింది. నిజంగానే, లోలోపలి నుంచి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఒక్క తప్పూ లేకుండా మూడు కార్బన్ కాపీలు తీసి, అందులో ఒకటి ఆమె చేతికిచ్చి, వేలిముద్ర వేయించుకున్నాడు.