ఆంటీ గారి ఫోను మోగుతోంది

క్లాసులో పాఠం జరుగుతుండగా ఇంటి నుంచి ఫోను రావడం ఒక వరం!

అవునండీ, వరమే. కాదనేవాళ్ళు నలభై దాటాక, ఒక పిల్ల తల్లయ్యాక, కాలేజీలో చేరి చూడండి. నేను చేరాను. నర్సింగ్, మొదటి సంవత్సరం. మా క్లాసులో నా తర్వాత పెద్దావిడ వయసు పందొమ్మిది.

ఆ పిల్లలకు ఇళ్ళ నుంచి ఫోన్లు రావు, పాపం. వచ్చినా "తిన్నావా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేస్తారు. నా సంగతి అలా కాదు. మేడమ్ ఎముకల పాఠం చెబుతూ తొడ ఎముక దగ్గరికి వచ్చేసరికి నా సంచీలో ఫోను గిలగిలా కొట్టుకుంటుంది. క్లాసంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి "ఆంటీ, మీదే" అంటుంది. ఎవరిదన్న అనుమానం ఇంతవరకు ఒక్కరికీ రాలేదు. కాలేజీలో చేరిన కొత్తలోనే ఇంత గుర్తింపు ఎవరికి దక్కుతుంది చెప్పండి?

ఈ వయసులో ఇదేం సరదా అని మీరు అడగబోతున్నారు. తెలుసు.

మా అత్తయ్య తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక నర్సు మంచం దగ్గరికి వచ్చింది. "అమ్మా, నేను మీ నర్సుని. ఇప్పుడు మిమ్మల్ని మెల్లిగా ఎడమ పక్కకి తిప్పుతాను. తిప్పనా?" అంది. అత్తయ్య "సరే" అన్నారు. నొప్పికి బిగించి పెట్టుకున్న పిడికిలి కూడా విప్పారు.

పాఠకులారా, మా అత్తయ్య! నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ నోట వినని మాట అది. డాక్టర్లు ఎముక అతికించారు, సంతోషం. నాకు మాత్రం ఆ "సరే" అనిపించే చదువేదో చదవాలనిపించింది. అక్కడ మొదలైంది, ఇక్కడిదాకా వచ్చింది.

మొదటి రోజే ఒక చిన్న పొరపాటు జరిగింది. గేటు దగ్గర మనిషి "తల్లిదండ్రులు ఎడమ పక్క హాల్లోకి" అన్నాడు. ఏళ్ళ తరబడి మా అమ్మాయి స్కూలు మీటింగులకు వెళ్ళిన కాళ్ళు కదా, వాటంతట అవే ఎడమ పక్కకు నడిచాయి. ముందు వరసలో కూర్చున్నాను కూడా.

ప్రిన్సిపాల్ గారు చక్కగా మాట్లాడారు. "మీ పిల్లలు ఇక పెద్దవాళ్ళు. క్లాసులో ఉన్నప్పుడు ఫోన్లు చేసి విసిగించకండి. చిన్న చిన్న విషయాలు మీరే చూసుకోండి" అన్నారు. హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. పక్కావిడ "మీ పాప ఏ సెక్షను?" అని అడిగాక గానీ, ఆ పాప నేనేనని గుర్తుకు రాలేదు. అప్పటికి కుడి పక్క హాల్లో నా పేరు పిలిచి, రాలేదని రాసుకోవడం కూడా అయిపోయింది.

తల్లిదండ్రులకు చెప్పిన ఆ మంచి మాటలే విద్యార్థినుల భర్తలకూ, అత్తలకూ, కూతుళ్ళకూ చెప్పే హాలు మాత్రం మా కాలేజీలో లేదు. లేకపోవడమే మంచిదైంది! ఉంటే నా శిక్షణ ఏమైపోవాలి?

శిక్షణ అంటే ఆషామాషీ శిక్షణ కాదు. నా క్లాసులు పొద్దుట. మావారి డ్యూటీ, మా అమ్మాయి కాలేజీ మధ్యాహ్నం నుంచి. అంటే నేను కాలేజీలో ఉన్నంతసేపూ అత్తయ్యతో కలిపి ముగ్గురూ ఇంట్లోనే, చేతిలో ఫోనుతో, నా చదువు కోసం పాటుపడుతూ ఉంటారన్నమాట.

రోగి తన బాధ తాను సరిగ్గా చెప్పలేడు, నర్సే ఓపికగా అడిగి రాబట్టాలి అని మేడమ్ చెప్పారు. పిల్లలందరూ వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. నాకు ఆ అవసరం ఏముంది? ఆ మధ్యాహ్నంలోగా మావారు ప్రాక్టికల్సే చేయించేశారు.

"ఇదిగో, అది కనిపించట్లేదు."

"ఏదండీ?"

"అదే, దాంట్లో ఉంటుందే."

"దేంట్లో?"

"నన్నడుగుతావేంటి? పెట్టింది నువ్వే కదా!"

గోళ్ళు తీసుకునే కత్తెర, అద్దం కింద సొరుగులో. కాలేజీ బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, చూడకుండా, ముట్టుకోకుండా చెప్పేశాను. ఏ స్కానింగు మెషీను చెబుతుందండీ ఇంత కచ్చితంగా?

వార్డులో మూడు మంచాల దగ్గర ఒకేసారి బెల్లు మోగితే ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? ఇది మా మూడో పాఠం. నాకు మొదటి వారమే వచ్చేసింది. "అమ్మా, వాషింగ్ మెషీను నీళ్ళు కక్కుతోంది!" అని అమ్మాయి. "నా నీలం చొక్కా అందులోనే ఉందా?" అని వెనక నుంచి మావారు. ఈలోగా వీడియో కాల్లో అత్తయ్య. మనిషి కనిపించరు, స్క్రీను నిండా నాలుక. "సరిగ్గా చూసి చెప్పమ్మాయ్, తెల్లగా ఉందా?"

ఒక్క మాట మీకు చెప్పాలి. అప్పటివరకు కాలేజీ నా చేత చేయించి నేర్పింది రెండే. చేతులు కడుక్కోవడం, మంచం మీద దుప్పటి పరచడం. పెళ్ళైన నాటి నుంచి చేస్తున్న పనులే. రెండూ తప్పుగా చేస్తున్నానని తేలింది. అయినా అత్తయ్య తన నాలుకను నాకే చూపిస్తున్నారంటే, ఆ నమ్మకానికి విలువ కట్టగలమా? పక్కింటావిడ కూడా తన మోకాలి ఎక్స్‌రే పట్టుకొచ్చింది. వెలుతురుకు పెట్టి చూసి "ఎముకే" అన్నాను. తృప్తిగా వెళ్ళింది.

ఇక పరీక్ష.

లేవలేని రోగికి తిండి తినిపించాలి. రోగి వేషం మా ట్యూటర్ మేడమే. నాకంటే పదేళ్ళు చిన్న. మెడ కింద తువ్వాలు పరిచాను. దిండు సర్దాను. సూపులో స్పూను ముంచాను. సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర పెట్టిన నా సంచీలో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఆ మోతకు నా ఒంట్లోని నర్సు ఎటు పోయిందో, అమ్మ లేచి కూర్చుంది. స్పూను నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదాను. అంతటితో ఆగానా? చప్పరించి ఉప్పు చూశాను. అదే స్పూను మళ్ళీ ముంచి, "ఆ, నోరు తెరువు" అన్నాను.

అప్పటికే తెరిచిన మేడమ్ నోరు అలాగే ఉండిపోయింది.

"ఏం చేశారండీ?"

"ఉప్పు సరిపోయింది మేడమ్."

నా ఎంగిలి రోగికి పెట్టబోయానన్నమాట! ఫెయిల్. వారంలో ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే వార్డులోకి అడుగు పెట్టనివ్వరు. వచ్చే ఏడాది చేరే పిల్లలతో మళ్ళీ చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఇంట్లో సంగతి చెప్పాను. మావారు పొట్ట పట్టుకుని నవ్వారు. "సూపు తాగి ఫెయిలైన మొదటి మనిషివి నువ్వే!" అన్నారు. నవ్వు ఆగాక "ఇంతకీ నా ఛార్జర్ ఎక్కడ?" అన్నారు.

"సోమవారం మళ్ళీ పరీక్ష. ఆ పూట ఒక్క ఫోనూ చేయకండి" అన్నాను.

"అయ్యో, మేమెందుకు చేస్తాం!" అన్నారు ముగ్గురూ. నిజంగానే నొచ్చుకున్నారు కూడా.

ఆ సోమవారం ఫోను ఇంట్లో మర్చిపోయాను. ఫ్రిజ్ మీద, మడత పెట్టిన తువ్వాళ్ళ కింద, మోత బాగా పెంచి మరీ మర్చిపోయాను. మతిమరుపు ఒక్కోసారి అలాంటి జాగ్రత్తలన్నీ తీసుకుంటుంది.

పరీక్ష గదిలో ఎంత నిశ్శబ్దం! మొదట భయమేసింది. నా చెవులు గుమ్మం దగ్గరే కాపలా కాశాయి. తర్వాత మంచం మీదున్న మేడమ్ ముఖం చూశాను. "అమ్మా, నేను మీ నర్సుని. ఇప్పుడు మీకు సూపు తాగిస్తాను. తాగించనా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గిన్నెకు చెయ్యి ఆనించి వేడి చూశాను. నా నోరు మాత్రం గట్టిగా మూసుకునే ఉంచాను. పాస్!

ఇల్లు ఏ స్థితిలో ఉందోనని పరుగున వచ్చాను. దండెం మీద బట్టలు ఆరుతున్నాయి. అమ్మాయి గిన్నెలు సర్దుతోంది. అత్తయ్య మాత్రలు వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. నీలం చొక్కాలో మావారు భోంచేస్తున్నారు. వంట ఆయనదే!

"నీకు ఫోను చేస్తే మనింట్లోనే మోగిందోయ్" అన్నారు. "ఇంకేం చేస్తాం? మేమే చూసుకున్నాం."

"అన్నీ దొరికాయా?"

"దొరక్క ఎక్కడికి పోతాయి? ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయి."

ఎప్పుడూ ఉండేచోటే! అంటే ఇన్నేళ్ళూ నేను కాపురం చేసింది ఆ చోటు తెలిసిన మనుషులతోనా!

కుర్చీలో కూలబడబోయి ఆగాను. తిన్నగా అత్తయ్య ముందు నిలబడ్డాను. "అత్తయ్యా, నేను పాసయ్యాను. ఇప్పుడు లోపలికి వెళ్ళి పడుకుంటాను. సాయంత్రం దాకా నన్ను ఎవరూ లేపరు" అన్నాను, కొత్త గొంతుతో.

అత్తయ్య నన్ను కళ్ళజోడు మీదుగా ఒకసారి చూశారు. "సరే" అన్నారు.

ఇంటి నుంచి వచ్చే ఫోను వరమన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. కాకపోతే అంత వరాన్ని రోజూ నేనొక్కదాన్నే అనుభవించడం స్వార్థం కాదూ? అందుకే ఈ మధ్య ఫోను తరచూ ఇంట్లోనే మర్చిపోతున్నాను. నాకు వయసు మీద పడుతోందని మావారు బెంగ పెట్టుకుని, జ్ఞాపకశక్తికి మాత్రలు కొనుక్కొచ్చారు. వేసుకుందామంటే ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు.

ఎక్కడికి పోతాయి? ఉండేచోటే ఉంటాయి.