బ్రేకు కీచుమనని రోజు

చప్పుడు చేసే వస్తువు ఏదైనా సరే, దాని నోరు మూయించడంలో నన్ను మించినవాడు లేడు. తలుపు బందులు, కుట్టుమిషను, బావి గిలక, ఆఖరికి గురక పెట్టే ఒక పెళ్ళికొడుకు. అన్నిటికీ మందు ఒకటే: రెండు చుక్కల నూనె. అందుకే ఎదురింటి తక్కెడాయన ఆ ఉదయం తన కారు బ్రేకు కీచుమంటోందని అడిగితే, ఆలోచించకుండా అదే చెప్పాను. "రెండు చాలా?" అన్నాడు. "నాలుగెయ్యండి, పోయేదేముంది?" అన్నాను.

తక్కెడాయన ముప్ఫై ఏళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. మా వీధిలో ఆయన జరిమానా వేయని కొట్టు లేదు. ఇప్పటికీ ఆయన మెట్టెక్కితే కొట్లో మాటలు ఆగిపోతాయి, తక్కెడ ముల్లు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది. భార్య పోయి నాలుగేళ్ళు. రోజూ తొమ్మిదింటికి కారులో గ్రంథాలయానికి వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని ఆ గదిలో కూర్చుని, సరిగ్గా ఒంటిగంటకు తిరిగి వస్తాడు.

ఆ రోజు కూడా అంతే అనుకున్నాడు. నూనె వేశాడు, బయలుదేరాడు. గ్రంథాలయం ముందు బ్రేకు తొక్కాడు. కారు కీచుమనలేదు. ఆగనూ లేదు. ఎంతో మర్యాదగా ముందుకు జారి సైకిళ్ళ వరుసను తాకింది. మొదటి సైకిలు రెండోదాని మీద పడింది, రెండోది మూడోదాని మీద. పదిహేడో సైకిలు పడ్డాక లోపలి నుంచి గ్రంథపాలకుడు వచ్చి, "కాస్త నెమ్మదిగా పడండయ్యా, చదువుకునేవాళ్ళున్నారు!" అన్నాడు.

నా నూనె ప్రతాపం అక్కడితో జారిపోయింది. తక్కెడాయన సైకిళ్ళన్నీ లేపి నిలబెట్టి, హ్యాండ్‌బ్రేకు పట్టుకుని, నడిచేవాళ్ళకన్నా నెమ్మదిగా పక్క వీధి మెకానిక్కు దగ్గరికి చేరాడు. మెకానిక్కు చక్రం విప్పి వాసన చూశాడు.

"నూనె పోశారా సార్?"

"నాలుగు చుక్కలే."

"ఎవరు చెప్పారండీ?"

"ఎదురింటాయన."

"ఆయనకి కారుందా?"

"సైకిలుంది."

మెకానిక్కు చక్రం పక్కన పెట్టాడు. "తొమ్మిది వేలవుద్ది," అన్నాడు.

తక్కెడాయన జేబులోంచి ఉక్కు స్కేలు తీశాడు. "నోటిమాట వద్దు, కొలిచి చూపించు." మెకానిక్కు పాత బ్రేకు ప్యాడ్ చేతికిచ్చాడు. రెండు మిల్లీమీటర్లు. కొత్తది ఇచ్చాడు. పదకొండు. ఆ ప్యాడ్లు నొక్కి పట్టుకునే ఇనుప డిస్కు మీద గోటితో గీరమన్నాడు. నాగలి సాళ్ళలా గీతలు తగిలాయి.

"ఇదుగో, ఈ చిన్న రేకు చూడండి. ప్యాడ్ అరిగిపోతే ఇది డిస్కుకి తగిలి అరుస్తుంది. కావాలనే పెడతారు. అది రోగం కాదు సార్, కబురు. మొదట అరిచినప్పుడే వచ్చుంటే ప్యాడ్లతో పోయేది, రెండు వేలు. మూడు నెలలు విననట్టు తిరిగారు, డిస్కులు కూడా పోయాయి."

"వీధంతా విన్నారు," అన్నాడు తక్కెడాయన. "బండికేమైందని ఒక్కళ్ళూ అడగలేదు."

ధర అర్థమైంది. అయినా కూలీ ఎంతసేపటి పనికో చూస్తానని అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి టార్చిలైటు పట్టుకున్నాడు. రెండు గంటలపాటు ఒక మనిషితో మాట్లాడటం నాలుగేళ్ళలో ఆయనకు అదే మొదటిసారి. బేరమాడటం మరిచిపోయాడు.

ఒంటిగంటకు ఇంటికొచ్చాడు. పిల్లిలా వచ్చాడు. కారు షెడ్డులో పెట్టి తలుపు మూసి, చేతుల మసి ఎంత రుద్దినా వదలక, చివరికి స్నానాలగదిలో దూరి స్నానానికే దిగాడు.

ఇటు వీధిలో కొంప మునిగింది. మా మేడమీదావిడ పన్నెండున్నరకు నీళ్ళ మోటారు వేసి, తక్కెడాయన కారు కీచుమనగానే కట్టేసేది. ఆ రోజు ట్యాంకు పొంగి, నీళ్ళు మెట్ల మీదుగా దిగి, కింద కిరాణా కొట్లో పంచదార బస్తాలను పలకరించాయి.

"మోటారు కట్టెయ్యమ్మా! నా కొట్టు చెరువైపోయింది!"

"ఇంకా ఒంటిగంట కాలేదుగా అన్నయ్యా!"

"రెండవుతోంది తల్లీ!"

"మరి తక్కెడాయన కీచుమనలేదే?"

నేను వేయమన్న ఆ నాలుగు చుక్కలూ కళ్ళముందు కదిలాయి.

ఏడుగురం ఆయన గుమ్మం ముందు గుమిగూడాం. పిలిచాం, పలకలేదు. కొట్టాయన భుజంతో ఒక్క తోపు తోశాడు, గడియ ఊడింది. లోపలి నుంచి తక్కెడాయన ఒంటినిండా సబ్బునురగతో, తువ్వాలు చుట్టుకుని, చెంబెత్తి మీదికొచ్చాడు.

"ఎవడ్రా దొంగ?"

"మేమేనండీ! మీరు రాలేదనుకున్నాం."

"ఒంటిగంటకే వచ్చానే."

"మరి కీచుమనలేదేం?" అంది మేడమీదావిడ కోపంగా.

"బాగుచేయించాను."

"చేయించేముందు ఓ మాట చెప్పొద్దూ?"

ఆయన చెంబు దించాడు. "నేనొచ్చేది మీకు తెలుస్తుందా?"

"రోజూ తెలుస్తుందండీ," అన్నాడు కొట్టాయన.

తక్కెడాయన అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాడు. నురగ కళ్ళలో పడిందన్నాడు.

మర్నాడు మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, "ఆ చప్పుడు మళ్ళీ పెట్టడానికి ఎంతవుతుంది?" అని అడిగాడట. "హారనుంది సార్, ఊరికే," అన్నాడట అతను. అప్పటినుంచి ఒంటిగంటకు మలుపులో రెండుసార్లు మోగిస్తాడు. మేడమీద మోటారు ఆగుతుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. గుమ్మం ముందు ఏడుగురం అన్నాను కదా, మిగతా ఆరుగురూ నీళ్ళు తోడుకుంటున్నారు. వెళ్ళింది నేనొక్కణ్ణే. గడియ ఊడగొట్టిందీ, గుమ్మంలో వాళ్ళవిగా చెప్పిన మాటలన్నీ అన్నదీ నేనే. "వీధివీధంతా వచ్చారు, గడియ ఊడిందని సిగ్గుపడి ఇప్పుడే వెళ్ళారు," అని ఆయనతో చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ మనిషి కొలిచి చూసుకోలేదు.